దేశానికి సంబంధం చూసొచ్చినం

పిల్లకు సంబంధం చూడబోయెటోళ్లను మీరు చూసే ఉంటరు. దేశానికి సంబంధం చూడబోయినోళ్లను చూసిన్రో లేదో గని, మేం పోయినం. నేను, మా అత్తమ్మ. సుల్తానాబాద్‌ల బస్సెక్కి కరీంనగర్, కోరుట్ల, నిర్మల్, ఆదిలాబాద్, మంచిర్యాల సుట్టు తిరిగి మళ్ల సుల్తానాబాద్‌లనే దిగినం. పాస్‌పోర్టు బ్యాగుల పెట్టుకొనే పోయిన. దాన్ని ఎవలూ అడుగలే. ఆధార్ కార్డు అడిగిన్రు, అది లేకుంట పోయింది. ఆ ముచ్చట ముందల వస్తది.

నా పేరు స్వరూప. కరీంనగర్‌ల ఒక ప్రైవేటు దవాఖానల నర్సును. రెండు దేశాల నుంచి పిలుపొచ్చింది. ఒకటి ఇజ్రాయిల్, ఇంట్ల ఉండి ముసలోళ్లను చూసుకునే పని. ఇంకోటి ఒమాన్, రెండేండ్ల కాంట్రాక్టు మీద దవాఖాన పని. జీతం ఇజ్రాయిల్‌లనే ఎక్కువ. "ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పాలె మేడం, లేకుంటే రెండూ చెయ్యి జారుతయ్" అని ఏజెంటు ఫోన్ల మీద ఫోన్లు. మా ఆయన ప్రభాకర్ ట్రాలీ ఆటో నడుపుతడు. అడిగితే "నీ ఇష్టం" అన్నడు. మొగోళ్లు నీ ఇష్టం అన్నరంటే ఫికరంత మన నెత్తిన పెట్టి తాము పండుకున్నరన్నట్టే. మా బిడ్డ బ్లెస్సీ తొమ్మిదో తరగతి. అది రెండు దినాలు నా పక్కకే జరిగి పన్నది.

ఇగ మా అత్తమ్మ ఎస్తేరమ్మ రంగంలకు దిగింది. ఆమె తమ్ముడు వెనకట కువైట్ పోయిండు. ఎవల్నీ అడుగలే, ఏజెంటు చెప్పిండు, పోయిండు. యుద్ధమొచ్చి కట్టుబట్టలతోని తిరిగొచ్చిండు. "ఒక కాలుకు చెప్పున్నది, ఒక కాలుకు లేదు. వాకిట్ల నిలవడ్డోణ్ని నేనే గుర్తు పట్టలే" అని ఇప్పటికీ చెప్తది. చెప్పినప్పుడల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటది.

"ఆడిపిల్లను ఇచ్చే ముందట ఊరంత తిరిగి మంచీ చెడ్డా అరుసుకుంటం గదనే. నిన్ను గంత దూరం అడుగకుంట తోల్తనా?"

"నేనేం ఆడిపిల్లను అత్తమ్మా, నలభైకి దగ్గర వడ్డ."

"ఇంట్లకెల్లి బయటికి తోలెటోళ్లకు ఎవలైనా పిల్లే. నోరు మూసుకొని చీరెలు సదురు. ఆడోళ్లకు బస్సు ఫిరీయే గదా."

సంబంధం అరుసుకునుడుల ఆమెకు కొన్ని కట్టుబాట్లున్నయి. మధ్యవర్తిని అడుగద్దు, వాడు అన్నీ మంచియే చెప్తడు. అంటే ఏజెంటు లెక్కల లేడు. ఆ ఇంటోళ్లను అడుగద్దు. ఆ ఇంట్ల ఉండి వచ్చినోళ్లను అడగాలె. అడిగేటియి కూడా తయారుగున్నయి. ఇంట్ల పెద్దరికం ఎవలది? పెద్దాయన పోతే కొడుకులు కొట్టుకుంటరా? పక్కింటోళ్లతోని పొత్తున్నదా? బయటికెల్లి వచ్చిన పిల్లను ఎట్ల చూస్తరు? టీవీల సూటు వేసుకున్నోళ్లు రాజకీయ స్థిరత్వం, సామాజిక సామరస్యం అని గంట సేపు మాట్లాడేటియి ఇవే అని నాకు కరీంనగర్ బస్టాండుల ఇడ్లీ తినుకుంట తట్టింది. అత్తమ్మకు చెప్తే "ఇడ్లీల ఉప్పు లేదు" అన్నది.

కోరుట్ల: పిల్ల ఏది?

జగిత్యాల దాటినంక తొవ్వ పొంటి పెద్ద పెద్ద ఇండ్లు మొదలైతయి. ముంగట గ్రానైటు, పైన సిమెంటు పావురాలు, తలుపులకు తాళాలు. గల్ఫ్ ఇండ్లు. కట్టినోళ్లు దేశం మీద, కాపలా ఉన్నది పావురాలు.

మా దవాఖానల పనిచేసే పిల్లకు చిన్నమ్మ కొడుకు రాజేందర్ ఇజ్రాయిల్‌ల ఉండి వచ్చిండు. ఆ పిల్లనే ఫోన్ చేసి "మా మేడం వాళ్ల అత్తమ్మను తోలుకొని మాట్లాడేటందుకు వస్తరు" అని చెప్పింది. ఏం మాట్లాడేటందుకో చెప్పలే. మేం పోయేసరికి వాకిట్ల సాన్పు చల్లి ముగ్గువెట్టి ఉన్నది. కొత్త చాపలు పరిచిన్రు. లోపలికెల్లి బగారన్నం వాసన. రాజేందర్ తల్లి గంగవ్వ ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. పక్కింటోళ్లు గోడ మీదికెల్లి తొంగి తొంగి చూస్తున్నరు. ఇంత మర్యాద ఎందుకురా దేవుడా అని నేను అనుకుంటనే ఉన్న, అత్తమ్మ కూసొని సురువు చేసింది.

"ఇంట్ల పెద్దరికం ఎవలదమ్మా?"

"మా బావదేనమ్మా. ఆయన మాట దాటరు" అన్నది గంగవ్వ.

"కొట్లాటలైతయా?"

"అయ్యో, మా ఇంట్ల నోరు లేవది. కావాలంటే వాడకట్టుల అడుగుండ్రి."

"తాగుడు?"

"దావతు ఉంటేనే. అదీ జరంత."

అత్తమ్మ నా దిక్కు చూసింది, ఇజ్రాయిల్ గురించి గంగవ్వకు ఇంత తెలుసా అన్నట్టు. అప్పుడు రాజేందర్ బయటికొచ్చిండు. ముప్పై దాటిన పిలగాడు. ఇస్త్రీ అంగి, కాలరు ఎనుక కంపెనీ చీటీ ఇంక అట్లనే వేలాడుతున్నది. మొకానికి పౌడరు. గంగవ్వ గొంతు సవరించుకొని అడిగింది, "మరి పిల్లను తోలుకురాలేదా?"

"తెచ్చినం గదమ్మా. ఇగో, గీమెనే పిల్ల" అని అత్తమ్మ నా భుజం మీద చెయ్యేసింది.

గంగవ్వ నోరు తెరిచింది తెరిచినట్టే ఉన్నది. నా చెవుల కాడ తెల్లెంటికెలు, మెడల పుస్తెలు, పక్కన సొంత అత్త. గోడ మీది తలకాయలు రెండు కిందికి దిగినయి, నవ్వు ఆపుకోలేక. నాకు మొకం ఎక్కడ దాసుకోవాల్నో తెల్వలే. అందరికంటే ముందు రాజేందర్‌కే సమజైంది. పొట్ట పట్టుకొని నవ్విండు. "అవ్వా, వీళ్లు నాకోసం రాలే. నేను ఉండొచ్చిన దేశం కోసం వచ్చిన్రు!"

అత్తమ్మకు మర్యాద పోయినంత పనైంది. "నేను అబద్ధం చెప్పేదాన్ని కాదమ్మా, చూడు నా పేరు, నా ఊరు" అని ఆధార్ కార్డు తీసి గంగవ్వ చేతుల పెట్టింది. గంగవ్వకు కోపం రాలే. ఏడుపొచ్చింది. "బయటి దేశం పోయినోడంటే పిల్లనిస్తలేరమ్మా. ఇయ్యాల రేపు సర్కారు కొలువు కావాలె, లేకుంటే పట్నంల ఉండాలె. మీరొస్తున్నరంటే దేవునికి కొబ్బరికాయ కూడ కొట్టిన" అన్నది. అత్తమ్మ లేచి ఆమె పక్కకు పోయి కూసున్నది. పిలగాడు మంచోడు, నవ్వు మొకమోడు.

తర్వాత అందరం కూసొని గా బగారన్నం, కోడికూర తిన్నం. పెండ్లోళ్ల కోసం వండింది మేమే తిన్నం. రాజేందర్ మెల్లగ చెప్పుకొచ్చిండు.

"నేను చూసుకున్న తాతకు తొంభై ఏండ్లక్కా. చక్రాల కుర్చీ. సైరన్ మోగితే ఇంట్లనే ఒక గట్టి గది ఉంటది, ఇనుప కిటికీ. గా గదిలకు ఉరకాలె. తాత నన్ను ముందుగాల లోపలికి పొమ్మనేటోడు. నువ్వు పిలగానివి, ఇంక పెండ్లి కాలే అనేటోడు."

"మరి పెద్దరికం?" అన్నది అత్తమ్మ.

"అదే తమాషా. తాత ఒక పార్టీ, కొడుకు ఒక పార్టీ, మనుమరాలు రెంటికీ కాదు. సర్కారును ఎంత తిట్టినా ఎవలేమనరు. మనుమరాలు జెండా పట్టుకొని రోడ్డు మీదికి పోయేది. శుక్రారం మాపటికి మాత్రం అందరు ఒక్క బల్ల కాడ కూసొని తినేటోళ్లు. అన్నం ముంగట కూడా లొల్లే, గని లేచిపోకపోయేటోళ్లు."

"ఇరుగు పొరుగు?"

రాజేందర్ చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. "మందులు తెచ్చే దుకాణంల ఒక అరబ్బాయన ఉండె. నన్ను 'ఇండియా' అని పిలిచి నవ్వెటోడు. యుద్ధం సురువైనంక నవ్వుతనే ఉన్నడు గని, దుకాణంలకు వచ్చెటోళ్లు ఆయన మొకం చూసుడు తక్కువైంది. ఆయన కూడా కిందికి చూసుకుంటనే మందులిచ్చుడు. ఏడ్చెటోళ్లు రెండు దిక్కులా ఉన్నరక్కా. నాకు తెలిసింది గంతే."

బస్సెక్కినంక అత్తమ్మ తీర్పు చెప్పింది. "ఇల్లు మంచిదే. పక్కింటితోని పంచాది తెగలే."

నాకైతే గా ఇల్లే మనసుకు వచ్చింది. నోరున్న ఇల్లు. తిట్టుకొని మళ్ల ఒక్క బల్ల కాడ తినే ఇల్లు. జీతం కూడ ఎక్కువాయె. ఆ మాట అత్తమ్మకు చెప్పలే. చెప్పకున్నా ఆమెకు తెలిసింది, కిటికీ దిక్కు తిరిగి కూసున్నది.

నిర్మల్: నిమ్మళమైన ఇల్లు

గోదావరి దాటినంక గాలి మారుతది. చలి జరంత మొనదేలుతది, మాట కూడా మారుతది. నిర్మల్ బొమ్మల గల్లీల రాజమణి ఇల్లు. ఆమె ఒమాన్‌ల, మస్కట్‌ల దవాఖాన పని చేసి వచ్చింది. మొగడు బొమ్మలకు రంగులేస్తడు. ఇల్లంత పొనికి కర్ర పొట్టు, రంగుల వాసన. గా కర్ర చేతిల పట్టుకుంటే బరువే తెల్వది. ఎండవెట్టిన మామిడికాయలు, సీతాఫలాలు, చిలుకలు, అన్నీ కర్రవే. అత్తమ్మ ఒక సీతాఫలం ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసింది. రాజమణి మొగడు మురిసిపోయి అడిగిన ధరల పావులా వంతు తగ్గించిండు. మేం బేరం సురువు చెయ్యకముందే తగ్గిస్తే అత్తమ్మకు నచ్చది, ఇంక తగ్గియ్యమన్నది.

ఈసారి నేను ముందే చెప్పిన, మేం దేశం గురించి అడిగెటందుకు వచ్చినమని. రాజమణి నవ్వి చాయ పెట్టింది.

"నిమ్మళమక్కా. ఒక్క ముక్కల చెప్పాలంటే గంతే. రోడ్డు మీద హారన్ కొట్టుడు కూడ సిగ్గే గాడ."

"పెద్దాయన పోతే?" అత్తమ్మ.

"నేనున్నప్పుడే పోయిండమ్మా. శానా ఏండ్లు ఏలిన సుల్తాను. మేమంత పరేషాన్ అయినం, ఇగ ఏమైతదో అని రెండు దినాలకు సరిపడ రొట్టెలు తెచ్చి పెట్టుకున్నం. ఏం కాలే. కొత్తాయన కూసున్నడు. జనం ఏడ్చిన్రు, మళ్ల పనిలకు పోయిన్రు. ఒక్క రాయి లేవలే. రొట్టెలు మేమే తిన్నం."

"గుడి, చర్చి?"

"రెండూ ఉన్నయి. మన తెలుగోళ్ల ఆరాధన కూడ అయితది. శుక్రారం నాడు."

అత్తమ్మ చాయ కప్పు కింద పెట్టింది. "శుక్రారమా? మరి ఆదివారం?"

"ఆదివారం డ్యూటీ ఉంటది గదమ్మా. గాడ సెలవు శుక్రారం."

"దేవునికి తెలుసా గీ సంగతి?" అన్నది అత్తమ్మ. రాజమణి మొగడు బ్రష్షు పక్కకు పెట్టి నవ్విండు.

"మేం బతుకమ్మ కూడ ఆడినం" అన్నది రాజమణి. "గని హాల్ల. బయట వాకిట్ల కాదు. ఎవల దేవుడు వాళ్ల గోడ లోపల. గోడ దాటి ఎవల్నీ ఏమనరు, అననియ్యరు. రంజాన్ నెలల పొద్దంత బయట నీళ్లు కూడ తాగద్దు. మాపటికి మా పక్కింటి ఒమానీ అవ్వ పళ్లెం నిండ తెచ్చి మా తలుపు కొట్టేది. అట్ల ఉంటది."

"మరి నోరు?" నేనడిగిన. "అడిగేటిది, చెప్పేటిది?"

రాజమణి నా దిక్కు సూటిగ చూసింది. "మన సొంటి మీటింగులు, జెండాలు, గోడల మీద రాతలు ఉండయ్. ఆ దేశం ముచ్చట మనకెందుకని ఉండాలె. ఎన్నేండ్లున్నా నువ్వు గాడ కిరాయిదారువే. ఉండనిచ్చే కార్డు గడువు ముగిస్తే ఇంటికే. నాకైతే గా నిమ్మళం మంచిగనే అనిపిచ్చింది. ఒక్కోసారి మాత్రం మన కరీంనగర్ చౌరస్తల లొల్లి ఇనాలనిపిచ్చేది."

అత్తమ్మ అప్పుడు తన కడపటి ప్రశ్న అడిగింది. పిల్లనిచ్చేటప్పుడు ఆడోళ్లంత మెల్లగ, లోపటి ఇంట్ల అడిగే ప్రశ్న. "ఆ ఊర్ల మనోళ్లు ఎవలన్న ఉన్నరా?"

రాజమణి ఫోన్ తీసింది. మస్కట్‌ల తనతోని పనిచేసిన లతకు వీడియో కాల్ చేసింది. ధర్మపురి పిల్ల, నా కన్న చిన్నది. డ్యూటీ బట్టలల్లనే ఉన్నది. "రా అక్కా. నా రూముల ఒక మంచం ఖాళీగున్నది. కారం పొడి తెచ్చుకో, గీడ దొరికేది మనకు చాలది" అన్నది. గంతే మాట్లాడింది, పేషెంటు పిలిచిన్రని పోయింది.

"నిమ్మళమైన ఇల్లే" అన్నది అత్తమ్మ మాపటికి. "గని కోడలు నోరు తెరువద్దు."

"మన ఇంట్ల తెరిచిన్నా?"

"తెరువని దినం చెప్పు."

ఆదిలాబాద్ తొవ్వల: కార్డు లేని మనిషి

కోరుట్లకెల్లి వచ్చినప్పుడు కండక్టరు నా కార్డు ఒక్కటే చూసి ఇద్దరికీ పైసల్లేని జీరో టికెట్ కొట్టిండు. తెల్లారి నిర్మల్‌ల బస్సెక్కినంక కండక్టరమ్మ ఇద్దరి కార్డులు అడిగింది. అత్తమ్మ సంచి మొత్తం ఒడిల గుమ్మరిచ్చింది. కర్ర సీతాఫలం ఉన్నది, వక్కల డబ్బ ఉన్నది, బైబిలున్నది. కార్డు లేదు. అది గంగవ్వ చేతులనే ఉండిపోయింది.

"కార్డు లేకుంటే టికెట్ కొనాలె అవ్వా."

"నా మొకం చూడు బిడ్డా. నేను తెలంగాణదాన్ని కాదని కనవడ్తున్నదా?"

"మొకానికి జీరో టికెట్ కొట్టే మిషిను రాలే అవ్వా" అన్నది కండక్టరమ్మ. బస్సంత నవ్వింది. అత్తమ్మ పైసలు తీసి ఇచ్చింది గని ఆదిలాబాద్ వచ్చేదాక మూతి బిగవట్టుకొనే ఉన్నది. ఘాట్ రోడ్డు, టేకు అడివి, ఏదీ చూడలే. "పుట్టినూరు పక్కపొంటే ఉండి, నేనెవలినో నేను చూపెట్టుకోవాలె" అని ఒక్కసారి అన్నది. నాకు రాజమణి చెప్పిన కార్డు ముచ్చట యాదికొచ్చింది. రాజేందర్‌కు ఫోన్ చేస్తే కార్డు ఫొటో పంపిండు, కింద "పిల్ల తరఫోళ్లకు నమస్తే" అని రాసి.

ఆదిలాబాద్‌ల అత్తమ్మ చిన్ననాటి దోస్తు సరోజనమ్మ ఉంటది. ఇద్దరు మిషన్ హాస్టల్ల కలిసి చదువుకున్నరు. ఊరంత పత్తి. లారీల మీద పత్తి, రోడ్డు మీద పత్తి, చెట్ల కొమ్మలకు కూడ పత్తి చిక్కుకొని ఉన్నది. సరోజనమ్మ జొన్నరొట్టె, పిట్ల పెట్టింది. పిట్ల అంటే శనిగపిండిని ఉల్లిగడ్డ పోపుల చిక్కగ ఉడికిస్తరు, మహారాష్ట్ర దిక్కు వంట. మేం మక్క గట్క తినేటోళ్లం, రొట్టె తుంచుడు కూడ సక్కగ రాలే. "కాయ్ గ, చేతులు లేవా?" అని సరోజనమ్మ సగం మరాఠీల నన్ను ఎక్కిరిచ్చింది.

మా రెండు సంబంధాల ముచ్చట ఇన్నంక ఆమె అన్నది, "దేశాలనెందుకే ఎస్తేరూ, నా ముచ్చట ఇను. ఎవడో ఫోన్ల ఒక పుకారు పంపిండు. మా దిక్కు రెండు దినాలు దుకాణాలు బందు. గోడకు అటు దిక్కు ఖతీజా వాళ్లది. ముప్పై ఏండ్ల సంది నా పక్కింటామె. మా పిల్లలకు ఆమె పిల్లల చొక్కాలే ఏసిన. గా రెండు దినాలు నేను తలుపుకు గొళ్లెం పెట్టుకున్న. రెండో దినం పొద్దుగాల ఎవలో తలుపు కొట్టిన్రు. 'సరోజనా, పాలు తెచ్చిన, మనుమనికి పాలు లేవు గదా' అని ఖతీజా. నేను గొళ్లెం తీయనీకె జరంత సేపు పట్టిందే. ఆమెకు కూడ తెలిసింది, సేపు పట్టిందని. ఏమనలే. పాలిచ్చి పోయింది."

"ఇప్పుడు?" అన్నది అత్తమ్మ.

"ఇప్పుడు దర్వాజ తీసే ఉంటది. రొట్టెలకు పిండి గూడ ఆమె మిషిన్లనే పట్టిస్త. గని గా సేపు ఉన్నది సూడు, అది నాకు పోదు."

అత్తమ్మ ఏం తీర్పూ చెప్పలే. మేం వచ్చేటప్పుడు గోడ కాడ నిలవడి ఖతీజాతోని ఉర్దూల బాగ సేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలే.

శ్రీరాంపూర్: మమ్మల్ని అడిగిన్రు

ఉట్నూరు అడివిల నుంచి మంచిర్యాలకు వచ్చి, గోదావరిఖని బస్సు ఎక్కినం. ఈ కండక్టరు ఫోన్ల ఫొటో చూసి గొణుక్కుంటనే జీరో టికెట్ కొట్టిండు. అత్తమ్మ గెలిచినట్టు కూసున్నది. మా పక్క సీట్ల ఒకామె, చంటిబిడ్డతోని. పెద్ద మూట, ఒక బకీటు. ఆమె కార్డు చూపెడితే కండక్టరు వాపసు ఇచ్చిండు. "గిది బీహార్‌ది, నడువది." ఆమె కొంగు ముడి ఇప్పి టికెట్ కొన్నది. మళ్ల ముడి వేసుకునుడు అత్తమ్మ చూసింది. గెలుపు మొకం మాయమైంది.

శ్రీరాంపూర్‌ల బస్సు బొగ్గు లారీల ఎనుక ఆగింది. షిఫ్టు దిగిన కార్మికులు చాయ దుకాణం ముంగట గుంపుగున్నరు. మేం కిటికీలకెల్లే చాయ తీసుకున్నం. అత్తమ్మ ఒకటి ఎక్కువ తీసుకొని ఆమెకిచ్చింది. ఆమె పేరు రీనా. ఆదిలాబాద్‌ల పత్తి మిల్లుల పనిచేసి, ఇప్పుడు సుల్తానాబాద్ రైసు మిల్లుకు పోతున్నది. మొగడు ముందుగాల పోయి పని కుదిరిచ్చుకున్నడట. మాది సుల్తానాబాదే అని తెలిసినంక ఆమె జరంత దగ్గరికి జరిగింది. మెల్లగ, హిందీల అడిగింది.

"ఉధర్ లోగ్ కైసే హై, అమ్మా? ఝగ్‌డా తో నహీ హోతా? హమ్ జైసోంకో కైసే రఖ్తే హై?"

అక్కడి జనం ఎట్లుంటరు, కొట్లాటలైతయా, మా అసొంటోళ్లను ఎట్ల చూస్తరు. అత్తమ్మ కోరుట్లల అడిగినయే, నిర్మల్‌ల అడిగినయే. ఈసారి మా ఇంటి గురించి.

అత్తమ్మ చాయ గ్లాసు ఒడిల పెట్టుకున్నది. నేననుకున్న, మా ఊరు బంగారమని చెప్తదని. చెప్పలే. ఆమె హిందీ సగం మన మాట, సగం ఆ మాట. అట్లనే చెప్పింది. ఎలక్షన్లప్పుడు మైకులు, తిట్లు, తాగుడు ఉంటదన్నది. సర్కార్లు మారుతయ్, ఓడినోడు ఇంట్ల కూసుంటడు, రాళ్లు లేవయ్ అన్నది. కొందరు మీ మాట ఎక్కిరిస్తరు, కొందరు కిరాయికి ఇల్లియ్యరు, అబద్ధం చెప్పను అన్నది. మా నాయన పీర్ల పండుగకు ముందట డప్పు కొట్టెటోడు, ఇప్పుడు కొట్టెటోళ్లు తక్కువైన్రు, గని పీరీలు లేస్తనే ఉన్నయన్నది. ఫోన్ల పుకారొస్తే మాత్రం భయమైతది అన్నది. చెప్పి చాయ ఒక్క గుక్కల తాగింది.

రీనా మొకం చిన్నగైంది. బిడ్డను దగ్గరికి తీసుకున్నది. నాకు అత్తమ్మ మీద కోపమొచ్చింది. ఒక్క పొద్దు అబద్ధం చెప్తే ఏం పోయేది?

అప్పుడు అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది. "మిల్లుకు ఎనుక గల్లీ, నీలం గేటు. మేరా ఘర్. కుఛ్ భీ హువా, దర్వాజా మార్. అత్తమ్మా బోల్ కే మార్. మై ఖోల్తీ." ఏమైనా సరే అత్తమ్మా అని తలుపు కొట్టు, నేను తీస్తనని.

రీనా "అత్తమ్మా" అని ఒకసారి అని చూసుకున్నది, సరిగ్గ వచ్చిందో లేదో అని. బస్సు కదిలింది. గోదావరి మీదికెల్లి ఎండ కిటికీలల్ల పడ్డది. అత్తమ్మ కర్ర సీతాఫలం తీసి చంటిదాని చేతిల పెట్టింది. అది కొరికి చూసింది.

సుల్తానాబాద్: ఆదివారం

ఆరాధన అయినంక ఇంటికొచ్చినం. ఏజెంటు ఫోన్ ఏ గడియల వస్తదో అని నేను ఫోన్ ఒడిలనే పెట్టుకొని కూసున్న. నోరున్న ఇల్లా, నిమ్మళమైన ఇల్లా. నా మనసు ఇంక ఇజ్రాయిల్ దిక్కే గుంజుతున్నది. "తాత సొంటి ముసలోడు దొరికితే నాకేం భయం?" అని మా ఆయనతోని అన్న. ఆయన నీ ఇష్టం అననీకె నోరు తెరిచిండు.

తలుపు చప్పుడైంది. "అత్తమ్మా."

అత్తమ్మ వంటింట్లకెల్లి ఎట్ల ఉరికిందో నేను చూసిన. చేతికి పిండి, కొంగు నేల మీద. మోకాళ్ల నొప్పులని నాతోని నూనె రాపిచ్చుకునే మనిషి. తలుపు తీసేసరికి రీనా, చంకల చంటిది, చేతిల గిన్నె. పాలు ఎక్కడ దొరుకుతయని అడిగెటందుకు వచ్చింది. అత్తమ్మ గిన్నె గుంజుకొని పాలు పోసింది. బ్లెస్సీ చంటిదాన్ని ఎత్తుకున్నది. మా ఆయన "ఎవలామె?" అంటే అత్తమ్మ "మనోళ్లే" అన్నది.

నాకప్పుడు కండ్లల్ల నీళ్లొచ్చినయి. నేను జెండాలు, సైరన్లు, పెద్దరికాలు అన్నీ తూకమేసిన. నేను తలుపు కొడితే ఎవలు తీస్తరని ఒక్కసారి తూకమెయ్యలే. ధర్మపురి పిల్ల రా అక్కా అన్నది. ఖాళీ మంచమున్నదన్నది. ఇజ్రాయిల్‌ల తాత మంచోడే, గని ఆయన రాజేందర్ తాత. నాకు ఏ ఇల్లొస్తదో, ఏ తలుపొస్తదో ఏజెంటుకే తెల్వది.

"నోరు ఇంటికొచ్చినంక తెరువు బిడ్డా" అన్నది అత్తమ్మ, నా మొకం చూసే చెప్పింది. "నేనెట్లాగు ఉన్న కదా, ఎదురు మాట్లాడనీకె."

ఫోన్ మోగింది. "ఒమాన్" అన్న. ఏజెంటు నమ్మలే. జీతం తక్కువ మేడం, మళ్ల ఆలోచన చేసుకోండ్రి, దేని మీద గట్టిగ అనుకున్నరు అని అడుగుతనే ఉన్నడు. అత్తమ్మ నా చేతులకెల్లి ఫోన్ తీసుకున్నది. చేతి పిండి ఫోన్‌కంత అంటింది. సంబంధం ఖాయం చేసేటప్పుడు పెద్దలు ఎట్ల మాట్లాడుతరో అట్ల గొంతు పెట్టింది.

"మేం అరుసుకునే వచ్చినం నాయనా. ఖాయం చేసినం. గని ఒక్క మాట ఇను, పిల్లను రెండేండ్లకే ఇస్తున్నం. మళ్ల మా ఇంటికే తోలాలె."